కోడలు మింగిన పేరు

పోయిన వారం మీరు నన్ను హోటల్ షట్టర్ ముందు, ఫోన్ చెవికి ఆనించుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి మీ దారిన మీరు పోయారు. వారం రోజులూ అలాగే నిలబడ్డానేమో అనిపిస్తోంది నాకు. ఈ వారమే కొత్తగా పుస్తకం తెరిచినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి, అసలు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు నడుస్తాను.

నా పేరు నీరజ. నా మొగుడు నరేశ్. ఆరేళ్ళు హైదరాబాద్‌లో ఒక జపాన్ హోటల్ వంటింట్లో పనిచేసి, జనగామకు తిరిగొచ్చి, సిద్దిపేట రోడ్డు మీద రామెన్ హోటల్ పెట్టాడు. రామెన్ అంటే జపాన్ వాళ్ళ నూడుల్స్. పెద్ద గిన్నె నిండా బొక్కల చారు, అంటే ఎముకలు మరిగించిన చారు, అందులో నూడుల్స్, పైన సగం గుడ్డు, నాలుగు మాంసం ముక్కలు. తెరిచి పన్నెండు రోజులైంది. బోర్డు కోసం ధర్మేందర్‌కు కాగితం మీద 'రామెన్ హౌస్' అని రాసిచ్చాం. ఆయన ముప్పై ఏళ్ళుగా జనగామలో బోర్డులు రాస్తున్న మనిషి. ఎవరి రాతలో తప్పున్నా అడగకుండా దిద్దిపెడతాడు, అదొక గర్వం ఆయనకు. మాదీ దిద్దిపెట్టాడు. రెండడుగుల ఎర్ర అక్షరాలతో 'రామన్న హౌస్' అని తెచ్చి, మేము వంటింట్లో ఉండగానే బిగించి వెళ్ళిపోయాడు. నేను ఫోన్ చేసి దులిపితే, "మీరే ఒత్తు మర్చిపోయిన్రమ్మ, నేను దిద్దిన" అన్నాడు. చివరికి సోమవారం కొత్త బోర్డు తెస్తానని ఒప్పుకున్నాడు.

బోర్డు తప్పైతే మార్చుకోవచ్చు. కానీ బచ్చన్నపేటలో ఉండే మా మామ పేరు కూడా అదే. కోడల్ని కాబట్టి నేను ఆ పేరు పలకకూడదు, రాయడానికీ చెయ్యి ఆడటం లేదు. బోర్డు మీద చూసుకోండి.

మా మామ పెళ్ళిళ్ళకు వంట చేస్తాడు. ఎనిమిది నెలల కింద లింగాల ఘనపూర్‌లో ఒక పెళ్ళిలో నరేశ్ నోరు జారాడు. "బొక్కలను గంటసేపు ఉడకబెట్టి పారబోస్తున్నవ్ బాపు, రుచంత దాంట్లనే ఉన్నది" అన్నాడు, పెళ్ళివారందరూ వింటుండగా. మామ గంటె కింద పెట్టి, "ఇగ నా పేరు చెప్పుకొని యాడ బతకకు" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు.

నరేశ్ పైకి ఏమీ అనడు. కానీ చారు రుచి చూసిన ప్రతిసారీ రెండో చెంచా నింపి పక్కకు చాపుతాడు. చిన్నప్పటి నుంచి బాపు పక్కన నిలబడి వండిన అలవాటు. పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఆ చెంచా మళ్ళీ గంజులో పోస్తాడు. అది చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోవాలి. నాకు ఈ లోకంలో కావలసింది ప్రస్తుతానికి అదొక్కటే.

పోయిన వారం చివర్లో ఫోన్ చేసింది మా అత్తమ్మ చిలుకమ్మ. "ఆదివారం మీ మామ వస్తుండు బిడ్డ. ఊరోళ్ళను ఎంబడేసుకొని మరీ వస్తుండు. నా కొడుకు నా పేరు పెట్టుకున్నడని వాట్సాప్‌ల బోర్డు ఫోటో అందరికి చూపెడ్తుండు" అంది. నా నోరు తెరుచుకున్నది అక్కడే.

ఆదివారం పొద్దున పదింటికే నరేశ్ చారు గంజు మూత తీసి, పెట్టి, మళ్ళీ తీస్తున్నాడు.

"బాపుకు నిజం చెప్త," అన్నాడు.

"ఏం నిజం?"

"పేరు మేం పెట్టలె, ధర్మేందర్ తప్పు రాసిండని."

"నీకేమన్న తిక్కనా? పదిమందితోటి వస్తుండు. గాళ్ళ ముందట గట్ల చెప్తే ఆయన మొఖం యాడ పెట్టుకుంటడు?"

"మరి అబద్ధం మీద కూసొని తినాల్నా? నా చారు బాగుంటే తినాలె. బోర్డు మీద పేరు జూసి కాదు."

మా ఆయనతో ఇదే గొడవ. చూడ్డానికి మెత్తగా ఉంటాడు, మొండితనంలో మాత్రం అచ్చం తండ్రే. బతిమాలాను, అలిగాను, చివరికి ఉల్లిగడ్డలు తరగనని కత్తి పక్కన పడేశాను. అప్పుడు కొంచెం దిగాడు.

"తినేదాక ఆగుత. తిన్నంక చెప్త. నువ్వు ఆపినా ఆగ."

వంటింట్లో మాకు తోడుండే చంద్రి ఇదంతా వింటూ పిండి పిసుకుతోంది. లింగాల ఘనపూర్ దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వస్తుంది. నా కంటే పదిహేనేళ్ళు పెద్దది, నా కంటే పదిరెట్లు నిదానం. "తిననియ్యి ముందు. కడుపు నిండినోని కోపం సగం కోపమే," అని మళ్ళీ పిండి మీద పడింది.

ఒంటిగంటకు తుఫాన్ జీపు వచ్చి ఆగింది. మనుషులు దిగుతూనే ఉన్నారు. లెక్కపెట్టాను, తొమ్మిది మంది, వాళ్ళ వెనక పదోవాడు మామ. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, భుజం మీద కొత్త తువ్వాల. లోపలికి రాలేదు. రోడ్డు దాటి అవతలి పక్కకు పోయి, నడుము మీద చేతులు పెట్టుకుని బోర్డు చదివాడు. తొందరేమీ లేనట్టు ఒక్కో అక్షరం దగ్గర ఆగి మరీ చదివాడు.

"రామన్నా, బోర్డు కింద నిలబడి జర నవ్వు," అన్నాడు రాజమౌళి, ఫోన్ పైకెత్తి. రాజమౌళి మామ వెంట ఎన్నో పెళ్ళిళ్ళు వండిన మనిషి. ఆయన చేతులు ఎంత పనిచేస్తాయో నోరూ అంతే పనిచేస్తుంది.

మామ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎనిమిది నెలలైంది. నాకు ఎంత సంతోషమేసిందో అంత భయమూ వేసింది.

లోపలికి వచ్చి కూర్చుని, "మంచిగున్నవా బిడ్డ?" అని నన్ను అడిగాడు. వంటింటి కిటికీలోంచి నరేశ్ తల కనపడుతూనే ఉంది. గట్టిగా నాలుగడుగుల దూరం. "వాడు మంచిగున్నడా?" అని కూడా నన్నే అడిగాడు.

"మంచిగనే ఉన్నడు మామ."

"సన్నబడ్డడు. తింటలేడా ఏందో అడుగు."

నేను తల తిప్పాను. నేను నోరు విప్పే లోపే నరేశ్, "తింటున్న అని చెప్పు," అన్నాడు.

అత్తమ్మ మాత్రం బండిలో రాలేదు. కేసముద్రంలో చెల్లెలింటికి పోయిందట, అక్కడి నుంచి రైల్లో తిన్నగా వస్తుందట. రైలు వచ్చి ముప్పావు గంటైందని తెలిసి మామ బయటికీ లోపలికీ తిరగడం మొదలుపెట్టేసరికి ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు డ్రైవర్ దిగి, చెమట తుడుచుకుంటూ లోపలికి తొంగి చూశాడు.

"గీ అవ్వ మీ మనిషేనా?"

"మా అత్తమ్మనే. ఏమైందన్న?"

"ఏమైతదక్కా. యాడికవ్వ అంటే హోటల్‌కు అన్నది. ఏ హోటల్ అంటే మా ఇంటాయన పేరున్న హోటల్ అన్నది. మీ ఇంటాయన పేరేంది అంటే, అడగనీకి సిగ్గు లేదా అని నన్నే తిట్టింది. చౌరస్తాకు పోయినం, బస్టాండ్‌కు పోయినం, మల్ల స్టేషన్‌కే వచ్చినం. ఆఖరికి ఆధార్ కార్డు తీసి, ఇంటాయన పేరున్న కాడ ఏలు పెట్టి చూపిచ్చింది. గప్పుడు సమజైంది నాకు."

హోటల్ అంతా ఘొల్లుమంది. అత్తమ్మకు ఇందులో నవ్వాల్సింది ఏమిటో అర్థం కాలేదు. "ముప్పై ఎనిమిదేండ్ల సంది ఎత్తని పేరు, ఆటోల ఎత్తుతనా," అని చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తిన్నగా వంటింట్లోకి పోయి, కొడుకు చెంపలు నిమిరి, బయటికొచ్చి కూర్చుంది.

రాజమౌళికి ఇంతకంటే ఏం కావాలి. "అత్త చెప్పకపాయె," అని నా వైపు తిరిగాడు. "కోడలు డిగ్రీ సదివింది గద, కోడలన్న చెప్తదేమో జూద్దం. ఏం బిడ్డా, మీ హోటల్ పేరేంది?"

అందరూ నా వైపు చూశారు. మామ కూడా చూశాడు.

నేను నరేశ్‌ను పేరు పెట్టే పిలుస్తాను. ఆ పట్టింపులు నాకు లేవు. కానీ మామ ఎదురుగా, ఆయన ఊరివాళ్ళ ముందు, ఆ పేరు నేను నోట్లోంచి తీస్తే ఆయన తల వంచుకోవాలి. అలాగని పేరు ఆయనదేనని అబద్ధమాడలేను, నరేశ్ కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు. ఎటూ పాలుపోక ఉన్న నిజమే చెప్పేశాను.

"రామెన్," అన్నాను.

వంటింట్లో గంటె చప్పుడు ఆగిపోయింది. అయిపోయింది, నా కాపురం నేనే కాల్చుకున్నాను అనుకున్నాను.

రాజమౌళి బల్ల మీద చరిచాడు. "జూసిన్రా? సగం పలికి సగం మింగింది. మామ పేరు నోరు నిండ పలుకుతదా కోడలు? రామెన్ అట, రామెన్."

తొమ్మిది మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. అత్తమ్మ లేచొచ్చి నా ముఖం చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. "ఎంత సదివినా నా బిడ్డ మర్యాద ఇడువలె," అంది. నేను జీవితంలో మొదటిసారి నిజం చెప్పి మర్యాదస్తురాలిని అయ్యాను. మామ మాత్రం తువ్వాలతో ముఖం కప్పుకుని గట్టిగా తుడుచుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి కాబోలు అనుకున్నాను అప్పుడు.

గిన్నెలు వచ్చాయి. నూడుల్స్ ఎత్తుకుని తినడానికి వాటితో పాటు పెట్టిన చెక్క పుల్లలు చూసి రాజమౌళి, "గివి పండ్లు కుట్టుకోనీకా? గింత లావున్నయ్?" అని అడిగాడు. చంద్రి మారు మాట్లాడకుండా చెంచాలు తెచ్చి ముందు పడేసింది. నేను పద్ధతి చెప్పాను.

"జపానోళ్ళు దీన్ని జుర్రుకుంట తింటరట. ఎంత సప్పుడు జేస్తే వండినోనికి గంత మర్యాదట."

"గట్లనా," అన్నాడు రాజమౌళి. ఆ తర్వాత మా హోటల్‌లో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి లోపలికి చూశారు.

మామ మాత్రం జుర్రలేదు. నూడుల్స్ పక్కకు జరిపి, ఒక చెంచా చారు తీసుకుని, ఊది, నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళి వంటలో గంజు దించే ముందు ఆయన ఎప్పుడూ చేసే పనే అది. కిటికీలో నరేశ్ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడని నాకు చూడకుండానే తెలుసు.

"ఎన్ని గంటలు ఉడికిందో అడుగు," అన్నాడు మామ, కళ్ళు తెరవకుండానే.

"పన్నెండు అని చెప్పు," అన్నాడు నరేశ్.

"మంట?"

"సన్నమంట అని చెప్పు."

"నురుగు తీసిండా?"

"రెండు సార్లు తీసిన. బొక్కలు కడిగి మల్ల ఏసిన అని చెప్పు."

"మేకలు యాడియి?"

"బచ్చన్నపేటయే అని చెప్పు. మనూరి మేకల రుచి ఇంకో దాంట్ల లేదని చెప్పు."

అటూ ఇటూ తిప్పీ తిప్పీ నా మెడ నొప్పి పుట్టింది. నేను ఒక్క ముక్క చెప్పే పని లేదు, అయినా ఇద్దరికీ నేను మధ్యలో ఉండాల్సిందే. మామ గిన్నెను రెండు చేతులతో ఎత్తి, చివరి చుక్క దాకా తాగి, బల్ల మీద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు ఇంకో చిటికెడు పట్టేది," అన్నాడు. మళ్ళీ వెంటనే గొంతు తగ్గించి, "గది వానికి చెప్పకు," అన్నాడు.

నరేశ్‌కు వినపడనే వినపడింది. తల దించుకుని నవ్వుతున్నాడు. ఎనిమిది నెలల్లో అతని ముఖం మీద అంత వెలుగు నేను చూడలేదు. కానీ అంతలోనే నడుముకు కట్టుకున్న వంట గుడ్డ విప్పి గోడకు తగిలించాడు. తిన్నంక చెప్త అన్నాడు కదా. తినడం అయిపోయింది.

నేను అతనికి అడ్డం పోబోయేంతలో బయట ట్రాలీ ఆటో చప్పుడు. దాని వెనక చీర ముక్కలో చుట్టిన పెద్ద బోర్డు, పక్కన ధర్మేందర్. ముప్పై ఏళ్ళలో చెప్పిన రోజుకు ఒక్క పనీ ఇవ్వని మనిషి, సోమవారం తెస్తానన్నది ఆదివారమే తెచ్చాడు.

నేను పరిగెత్తాను. "అన్నా, ఇప్పుడొద్దు. నీ కాళ్ళు మొక్కుత, తీస్కపో."

"ఏంది తీస్కపోయేది? తప్పు రాసినవని గన్ని తిట్లు తిడ్తివి. నాకు నిద్ర పట్టలె నాలుగు దినాలు," అంటూ చీర ముక్క లాగేశాడు. 'రామెన్ హౌస్' అని ఎండలో మెరిసింది.

అప్పటికే రాజమౌళి గిన్నె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. వెనక మిగిలినవాళ్ళు. నరేశ్ కూడా వచ్చి బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయాడు. రాజమౌళి పైనున్న బోర్డు చదివాడు. కిందున్న బోర్డు చదివాడు. మళ్ళీ పైది చదివాడు. నేను తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను.

"ఓహో," అన్నాడు చివరికి. "సమజైంది. పాపం పొద్దుందాక ఫోన్ల హోటల్ పేరు చెప్పాలె గద కోడలు. మామ పేరు ఎట్ల ఎత్తుతది? పలకనీకి వచ్చేటట్టు ఇంకో బోర్డు రాయించుకున్నది."

"అవునవును," అన్నారు అందరూ. అత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ధర్మేందర్, "గది గాదు..." అని నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటి ముందుకు చంద్రి ఒక నిండు గిన్నె పెట్టింది. "తినన్నా. సల్లారితది," అంది. ఆ మనిషి జుర్రడం మొదలుపెట్టాడు, గండం గడిచింది.

మామ వాళ్ళలో లేడని అప్పుడు చూశాను.

"కోడలా, జర గిటు రా." గొంతు వంటింట్లోంచి వచ్చింది. పోయి చూస్తే మామ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ముఖంలో చిరాకు.

"సోమవారం తేరా అంటే ఆదివారమే పట్టుకొచ్చిండు సూడు, బేకార్ గాడు."

నాకు ఒక పట్టాన ఎక్కలేదు. "ఎవరు మామ? ఎవరు తెమ్మన్నరు?"

"నేనే చెప్పిన, ఆదివారం దాటినంక తెమ్మని. మొన్న మా ఊరి బడి గోడ మీద రాయనీకి వచ్చిండు ధర్మేందర్. గది నీ పేరు కాదటనే రామన్నా, ఏందో జపాన్ పేరట, మీ కోడలు నన్ను సంపింది అని ఒకటే నవ్వుడు."

"అయితే మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి గా ఫోటోలు? గా వాట్సాప్? గింతమందిని బండేసుకొని..."

మామ నల్లా కట్టేశాడు. కాసేపు చేతులు తువ్వాలకు తుడుస్తూనే ఉన్నాడు, అవి ఎప్పుడో ఆరిపోయినా.

"ఎనిమిది నెలల సంది రావాలనే ఉన్నది బిడ్డ. ఎట్ల రావాలె? నా పేరు చెప్పుకొని బతకకు అని పదిమందిల అన్ననాయె. ఊకెనే వస్తే అందరు నవ్వుతరు. గీ ధర్మేందర్ తప్పు రాసిండు, నాకొక బహానా దొరికింది. కొడుకు నా పేరు పెట్టుకున్నడు, పోకుంటే బాగుండదు అని ఊరంత చెప్పిన. చెప్పి గాళ్ళనే తోలుకొచ్చిన."

నేను పొద్దుటి నుంచి ఎవరి పరువు కాపాడుతున్నానని పరేషాన్ అవుతున్నానో, ఆ మనిషి నాకంటే ముందు నుంచీ అదే నాటకం ఆడుతున్నాడు.

"నువ్వు పేరు మింగినవని రాజమౌళి అన్నడు సూడు," అన్నాడు మామ, పెదాలు బిగబట్టుకుని. "నవ్వాగక తువ్వాల అడ్డం పెట్టుకున్న."

ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వాం. నవ్వి నవ్వి నాకు ఏడుపొచ్చింది. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వానికి మాత్రం చెప్పకు బిడ్డ. నేను నమ్మే వచ్చిన అనుకోనియ్యి. గీ ఒక్క పరువన్న మిగలనియ్యి నాకు."

"చెప్ప మామ. ఒట్టు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, బయట నరేశ్ గొంతు వినపడింది. కిటికీలోంచి చూశాను. రెండు బోర్డుల మధ్య కుర్చీ వేసుకుని, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. చుట్టూ తొమ్మిది మంది, అత్తమ్మ, చంద్రి, గిన్నెతో ధర్మేందర్. ఎవరూ జుర్రడం లేదు.

"అందరు జర ఆగున్రి. బాపూ, నువ్వు బయటికి రా. నీకొక నిజం చెప్పాలె."

చెప్పు అని నాతో అనలేదు. అడుగు అని నాతో అనలేదు. తమ మధ్యలో ఎవరూ లేనట్టు తండ్రిని తనే పిలిచాడు.

మామ నా చెయ్యి వదిలేశాడు. "పిలిచిండు," అన్నాడు. "నన్నే పిలిచిండు."

తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా వెయ్యి మందికి తడబడకుండా వండిన మనిషి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"వాడు నిజం చెప్పినంక నేనేం జెయ్యాలె? కోపం జెయ్యాల్నా, తెలుసు అనాల్నా? జల్ది చెప్పు కోడలా."

బయట నరేశ్ మళ్ళీ పిలిచాడు.

"బాపూ."